కళ్ళ కొలత ముందు, రంగులు తర్వాత: పిల్లలతో కాగితం మొహాలు

రెండేళ్ళ కిందట మా చిన్న మనవడి బళ్ళో వేషాల పోటీ పెట్టారు. వాడికి సింహం కావాలి. అల్లుడు బజారు నుంచి ప్లాస్టిక్ సింహం మొహం తెచ్చాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, జూలు కూడా ఉంది. స్టేజీ ఎక్కేటప్పుడు టీచరమ్మ చెయ్యి పట్టుకుంది కాబట్టి ఎక్కేశాడు. దిగేటప్పుడు మెట్టు కనపడక ముందుకు పడ్డాడు. గడ్డం చీలి 2 కుట్లు పడ్డాయి. కుట్లు వేయించుకుని నా ఒళ్ళో కూర్చుని వెక్కుతూ అన్నాడు: "అమ్మమ్మా, ఒక కంటితోనే చూశా. రెండో కన్ను లోపలే ఉండిపోయింది."

ఇంటికొచ్చి ఆ మొహానికి టేపు పెట్టాను. కళ్ళ చిల్లుల మధ్య దూరం 2½ అంగుళాలు దాటి ఉంది. వాడి కళ్ళ మధ్య దూరం 2 అంగుళాలు. ఒక చిల్లు కంటికి సరిగ్గా పెట్టుకుంటే రెండోది కణత మీదికి పోతుంది. పెద్దవాళ్ళ కొలతకు చేసి, పిల్లల బొమ్మ అని అమ్మారు.

నేను ఒంగోలులో 32 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. అరంగుళం తేడా వస్తే చంక ఎలా పట్టేస్తుందో, భుజం ఎలా జారుతుందో నాకు తెలుసు. జాకెట్టు పట్టేస్తే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. పిల్లాడి కంటికి అడ్డం వస్తే పడిపోతాడు. ఆ దసరా సెలవుల నుంచి మా ఇంట్లో మొహాలు మేమే చేసుకుంటున్నాం. కరోనా తర్వాత మాస్కు అంటే ముక్కుకు పెట్టుకునేదే అయిపోయింది కాబట్టి, మా పిల్లలు దీన్ని "మొహం" అంటారు. నేనూ అదే మాట వాడతాను.

దసరాకు మా ఊళ్ళో కళారాలు, అంటే దేవతల పెద్ద మొహాలు, బయలుదేరతాయి. కాళికాదేవి, నరసింహస్వామి రూపాలు డప్పుల మోత మధ్య రాత్రిపూట వీధుల్లోకి వస్తుంటే, పిల్లలు అమ్మ కొంగులో తల దాచుకుంటూనే ఒక కన్నుతో తొంగి చూస్తారు. తెల్లారేసరికి ప్రతివాడికీ ఒక మొహం కావాలి. అమ్మవారి కళారమే చేస్తామని మారాం చేసేవాళ్ళూ ఉంటారు. అది నేను చేయనివ్వను. కళారం నియమంతో ఎత్తేది, మొక్కుకునేది. ఆడి ఆడి మంచం కింద పడేసే వస్తువుగా దాన్ని చేయడం నాకు మనసొప్పదు. సింహం చేయండి, పులి చేయండి, రాక్షసుణ్ణి చేయండి. మా దగ్గర ఎక్కువగా చేసేది మన గిత్తని. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు కొలత. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి ఎదుటి గోడ మీది క్యాలెండర్ చూడమనండి. దగ్గరున్న వస్తువును చూస్తే నల్లగుడ్లు ముక్కు వైపు జరుగుతాయి, కొలత తప్పుతుంది. టేపును కనుబొమల మీద ఆనించి, ఒక నల్లగుడ్డు నడిమి నుంచి రెండో నల్లగుడ్డు నడిమికి ఎంతుందో చూడండి. ఐదారేళ్ళ పిల్లలకు 2 అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది. ఇది మొదటి కొలత. రెండోది, కళ్ళ గీత నుంచి ముక్కు కొస దాకా. మూడోది, ముక్కు దూలం మీదుగా ఈ చెవి దగ్గర నుంచి ఆ చెవి దగ్గరికి. టేపు మొహం వంపు వెంటే పోవాలి, గాల్లో లాగి పట్టుకోకూడదు. ఈ మూడూ ఒక కాగితం మీద పిల్ల పేరుతో సహా రాసుకోండి. ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరికీ విడివిడిగా తీయాలి. అక్క కొలత తమ్ముడికి సరిపోదు.

తర్వాత పాత న్యూస్‌పేపరు మీద ప్యాటర్న్. పేపరును నిలువుగా మడవండి. మడత ముక్కు దూలం అనుకోండి. మడత నుంచి మొదటి కొలతలో సగం దూరం పక్కకు జరిగి చుక్క పెట్టండి, అంటే 2 అంగుళాల పిల్లకు 1 అంగుళం. ఆ చుక్క చుట్టూ కన్ను గీయండి. వెడల్పు అంగుళంపావు, ఎత్తు ముప్పావు అంగుళం. ఇంకా చిన్నగా గీస్తే అందంగానే ఉంటుంది గానీ పక్కలు కనపడవు. పక్క నుంచి సైకిలు వస్తున్నా పిల్లకు తెలియదు. మడత మీదే కత్తిరిస్తే రెండు కళ్ళూ ఒకే తీరుగా వస్తాయి. నుదురు పైకి 4 అంగుళాలు, పక్కకు మూడో కొలతలో సగం. కింద మాత్రం ముక్కు కొస దగ్గరే ఆపేయండి. నోరు వదిలేయాలి. దసరా నాటి ఉక్కపోతలో నిండు మొహం పెట్టుకుంటే పిల్లలు పది నిమిషాలు కూడా ఉంచుకోరు. ఊపిరి తగిలి కాగితం మెత్తబడిపోతుంది కూడా. ముక్కు వచ్చే చోట మడత మీద తిరగేసిన వి ఆకారంలో కత్తిరించండి.

ఇప్పుడు ఆ పేపరును పిల్ల మొహం మీద పెట్టి చూడండి. కళ్ళు మూసుకోమని చెప్పి, మీ వేలి కొసతో నెమ్మదిగా తడిమితే చిల్లు ఎక్కడ తప్పిందో తెలిసిపోతుంది. పెన్సిలు, పెన్ను మొహం దగ్గరికి తీసుకురావద్దు. తేడా ఉంటే ఇక్కడే సరిచేయాలి. న్యూస్‌పేపరు పోతే పోయేదేం లేదు. అట్ట కోసిన తర్వాత తప్పు దిద్దలేం.

అట్టకు నేను శుభలేఖలు వాడతాను. పెళ్ళిళ్ళ సీజను అయ్యేసరికి ప్రతి ఇంట్లో ఒక కట్ట పోగవుతుంది. మంచి మందం, ఒక వైపు నున్నగా, లోపలి వైపు రంగు పట్టేలా ఉంటాయి. పెద్ద కార్డు విప్పితే చిన్న పిల్ల మొహానికి సరిపోతుంది. సరిపోకపోతే రెండు అంటించుకోవచ్చు. దేవుడి బొమ్మ ఉన్న పక్క మాత్రం కత్తిరించి విడిగా తీసి పెట్టండి. కార్డులు లేకపోతే బుక్ షాపులో ఛార్టు తెచ్చి రెండు మందాలుగా అంటించుకోండి. ఒక్క మందం ఛార్టు చెమటకు వంగిపోతుంది. మిఠాయి డబ్బా మూతలు బాగుంటాయి గానీ నెయ్యి అంటినవి వద్దు, జిడ్డు మీద రంగు నిలవదు. ఇవి కాక ఫెవికాల్, స్టేప్లరు, పోస్టర్ కలర్లు, పావు అంగుళం వెడల్పు ఎలాస్టిక్ కావాలి. కాగితానికి వేరే కత్తెర పెట్టుకోండి. బట్టల కత్తెర కాగితం మీద పడితే మొద్దుబారిపోతుంది, మళ్ళీ బట్ట సాఫీగా తెగదు. నా కత్తెర ముట్టుకోవద్దని పిల్లలకు మొదటి రోజే చెప్పాను. వాళ్ళకు గుండ్రటి మొనల చిన్న కత్తెరలు కొనిచ్చాను.

పనులు పంచుకునే తీరు కూడా ముందే అనుకోవాలి. కళ్ళు కోయడం, పిన్నులు కొట్టడం, చిల్లులు పెట్టడం పెద్దవాళ్ళవి. గీయడం, చింపడం, జిగురు పూయడం, రంగులు పిల్లలవి. పిల్లలు వేసిన రంగు మీద మీరు మళ్ళీ దిద్దకండి. మా ఎదురింటి పాప పులికి నీలం చారలు వేసింది. వాళ్ళమ్మ వచ్చి పైన నలుపు పూసింది. ఆ పిల్ల ఆ మొహాన్ని ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. మర్నాడు ఇంకొకటి కోసిచ్చాను. మళ్ళీ నీలం చారలే వేసుకుంది, పండగ నాలుగు రోజులూ దాన్నే పెట్టుకు తిరిగింది.

అట్ట కోశాక అది పలకలా చదునుగా ఉంటుంది. మొహం చదునుగా ఉండదు కదా. చదును అట్టను అలాగే కట్టేస్తే ముక్కు మీద ఒక్కచోటే ఆని, పక్కలు లేచిపోతాయి. ఇక్కడే డాటు వేయాలి. జాకెట్టుకు డాట్లు వేస్తే చదును బట్టకు గుండ్రం వచ్చినట్టే, అట్టకూ వస్తుంది. నుదురు పై అంచు మధ్య నుంచి కిందికి అంగుళంన్నర చీలిక కోయండి. కింద, చెంపల దగ్గర, ముక్కుకు అటొకటి ఇటొకటి అంగుళం చీలికలు. చీలికకు రెండు వైపులా ఉన్న అంచుల్ని ఒకదాని మీదికి ఒకటి అరంగుళం ఎక్కించి చూడండి. అట్ట మీ చేతిలోనే ఉబ్బుతుంది, బోర్లించిన మూకుడులాగా. పిల్లలకు ఇది చాలా ఇష్టం. ఎక్కించి, వదిలి, మళ్ళీ ఎక్కించి చూస్తారు. చూడనివ్వండి. వంపు ఎంత కావాలో పిల్ల మొహం మీద పెట్టి చూసుకుని, అప్పుడు ఫెవికాల్ రాసి బట్టల క్లిప్పు పెట్టి పది నిమిషాలు వదిలేయండి. తొందరైతే పిన్ను కొట్టండి గానీ పిన్ను కాళ్ళు బయటి వైపుకు ఉండాలి, వాటి మీద కాగితం ముక్క అంటించాలి. మొదటిసారి నేను లోపలి వైపుకు కొట్టాను. మా పెద్ద మనవరాలి కణత మీద గీరుకుని ఎర్రటి చార పడింది. అప్పటి నుంచి పూర్తయిన ప్రతి మొహం లోపలా నా వేళ్ళతో ఒకసారి తడిమి గానీ పిల్లలకు ఇవ్వను.

లోపల ముక్కు దూలం తగిలే చోట, నుదురు తగిలే చోట కాటన్ గుడ్డ పట్టీ అంటించండి. లైనింగ్ బట్ట ముక్కలు చాలు. చెమట పీలుస్తుంది, అట్ట అంచు చర్మానికి గుచ్చుకోదు.

ఇక గిత్త. ఒంగోలు గిత్తను చూడకుండా గీయమంటే పిల్లలు పొడవాటి వంపు తిరిగిన కొమ్ములు గీస్తారు, బొమ్మల పుస్తకాల్లో అలా ఉంటాయి కాబట్టి. మన గిత్త కొమ్ములు పొట్టివి, మొదలు లావుగా ఉంటాయి. అందుకే మా పిల్లల్ని ఒకరోజు పొద్దున్నే పాలు పోసే ఆయన దొడ్డికి తీసుకెళ్ళాను. అక్కడ ఒక గిత్త కట్టేసి ఉంది. దాని మొహం చూస్తూ మనవడు ఒక మాట అన్నాడు: "అమ్మమ్మా, దీనికి కాటుక పెట్టారు." నిజమే, ఒళ్ళంతా తెలుపైనా కళ్ళ చుట్టూ నల్లగా ఉంటుంది. మూతి కూడా నలుపే. మెడ, మూపురం దగ్గర తెలుపులో బూడిద రంగు కలిసి ఉంటుంది.

ఆ నల్లటి కళ్ళు మొహం చేసేవాళ్ళకు పెద్ద వరం. కంటి చిల్లు చుట్టూ అరంగుళం మేర నల్ల రంగు వేస్తే, లోపలున్న చీకటి చిల్లు, బయట వేసిన నలుపు కలిసిపోతాయి. చిల్లు ఎంత పెద్దగా కోసినా దూరం నుంచి చూసేవాళ్ళకు అది గిత్త కన్నులాగే కనపడుతుంది. పిల్లకు చూపు బాగా ఆనుతుంది, బొమ్మకు అందమూ తగ్గదు. పులికైతే కంటి దగ్గరి నల్ల చారలతో, రాక్షసుడికైతే పెద్ద నల్ల కనుబొమలతో ఇదే పని చేయొచ్చు.

కొమ్ములకు శుభలేఖ అట్టను 4 అంగుళాల అర్ధచంద్రంలా కోసి, పొట్లంలా చుట్టి అంటించండి. పొట్లం అడుగున చుట్టూ అరంగుళం చొప్పున కత్తిరింపులు పెడితే పూరేకుల్లా విచ్చుకుంటాయి. నుదుటి మీద గుండ్రటి చిల్లు కోసి, కొమ్మును వెనక నుంచి ముందుకు దూర్చి, ఆ రేకుల్ని లోపలి వైపు పరిచి ఫెవికాల్‌తో అంటించాలి. పైన ఇంకో గుడ్డ ముక్క వేస్తే కొమ్ము పట్టుకుని లాగినా ఊడదు, పిల్లలు తప్పకుండా లాగుతారు. చెవులు ఆకు ఆకారంలో కోసి, మొదట్లో చిన్న డాటు వేస్తే దొన్నెలా ముడుచుకుంటాయి. గిత్త చెవులు పక్కలకు వాలి ఉంటాయి కాబట్టి కళ్ళ గీతకు కాస్త పైన, అడ్డంగా అంటించండి. మూతికి 3 అంగుళాల వెడల్పు అట్ట పట్టీని అర్ధవృత్తంలా వంచి, చెంపల దగ్గర రెండు కొసలూ అంటించి, ముందు వైపు నలుపు వేసి ముక్కు రంధ్రాలు గీయండి. మూతి పిల్ల ముక్కుకు ముందు గాల్లో నిలబడుతుంది, గాలి ఆడుతుంది.

రంగు వేస్తుండగా ఒకసారి మా అల్లుడు పిల్లలకు ఈ గిత్త జాతి బ్రెజిల్ దాకా వెళ్ళిందని చెప్పాడు. అక్కడ వాళ్ళు దాన్ని నెలోర్ అంటారు. "మన ఒంగోలు గిత్తకు నెల్లూరు పేరెందుకు పెట్టారు?" అని మనవరాలికి కోపమొచ్చింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే, ప్రకాశం జిల్లా అనేది 1970లో గానీ రాలేదు అని చెబితే కొంచెం చల్లబడింది. ఆ రోజు నుంచి తన గిత్త నుదుటి మీద, కుంకుమ బొట్టు కింద, "ఒంగోలు" అని తప్పకుండా రాస్తుంది.

ఎలాస్టిక్ దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. చిల్లు కళ్ళ గీతకు సమానంగా ఉండాలి. కిందికి పెడితే మొహం పైకి లేస్తుంది, మరీ పైకి పెడితే కిందికి జారి కళ్ళు మూసుకుపోతాయి. అంచు నుంచి అరంగుళం లోపలికి చిల్లు పెట్టి, అంతకంటే ముందే ఆ చోట లోపలి వైపు బుక్రం ముక్క అంటించండి. చొక్కా కాలర్లలో వేస్తారే, అదే. ఏ టైలరు షాపులో అడిగినా ఇస్తారు. అట్ట చిరగదు. తల వెనక నుంచి ఈ చిల్లుకు ఆ చిల్లుకు కొలిచి, దానికి 2 అంగుళాలు తగ్గించి ఎలాస్టిక్ కోయండి. ముడి బయటి వైపు వేయాలి. సన్నటి గుండ్రటి ఎలాస్టిక్ వద్దు, చెవుల పైన కోసుకుపోతుంది. రబ్బరు బ్యాండ్లయితే జుట్టు పట్టేసి పీకుతాయి.

పెట్టాక మా ఇంట్లో ఒక పరీక్ష ఉంది. పిల్ల తల తిప్పకుండా ముందుకు చూస్తూ నిలబడాలి. నేను పక్కకు నిలబడి, వేళ్ళు చూపిస్తూ నెమ్మదిగా ముందుకు తెస్తాను. వేళ్ళు కాస్త ముందుకు రాగానే కనపడ్డాయని చెప్పగలగాలి. ఆ తర్వాత గడప దాటి వరండాలోకి వెళ్ళి రావాలి. గడప తగిలితే కళ్ళ చిల్లు కింది అంచు ఇంకో పావు అంగుళం కోస్తాను. పడిపోయాడే, ఆ చిన్నోడే ఈ పరీక్ష ఇప్పుడు అందరికీ దగ్గరుండి పెడతాడు.

అట్ట మొహాలు వచ్చేశాక పిల్లలకు ఉబ్బెత్తు మొహాలు కావాలనిపిస్తుంది. దానికి జిగురు కాగితాల పద్ధతి. ఒక బెలూన్‌తో ఇద్దరికి రెండు మొహాలు వస్తాయి, అన్నాచెల్లెళ్ళున్న ఇంటికి ఇది చాలా బాగుంటుంది. మూడు నాలుగు రోజులు, వానల కాలంలో ఇంకా ఎక్కువ పడుతుందని ముందే చెప్పండి, లేకపోతే గంటకోసారి వచ్చి "ఎండిందా" అని నొక్కి చూస్తారు, సొట్ట పడుతుంది.

జిగురు ఇంట్లోనే కాచుకోవచ్చు. గ్లాసు మైదాను గ్లాసు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. వేరే గిన్నెలో 3 గ్లాసుల నీళ్ళు మరిగించి, మైదా నీళ్ళు సన్నగా పోస్తూ కలుపుతూ ఉండండి. రెండు మూడు నిమిషాల్లో తెలుపు పోయి మెరుపు వస్తుంది. అప్పుడు దించి చెంచా ఉప్పు వేస్తే త్వరగా బూజు పట్టదు. గోడల మీద పోస్టర్లు అంటించేవాళ్ళ బకెట్లో ఉండేది ఇలాంటి జిగురే. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపే అలవాటు కొందరికి ఉంది. పిల్లలు చేతులు పెట్టే జిగురులో అది అస్సలు వేయకండి, అది విషం. ఉప్పు చాలు. పూర్తిగా చల్లారాకే పిల్లల ముందు పెట్టండి.

న్యూస్‌పేపరును కత్తిరించవద్దు, చింపండి. చింపిన అంచు పల్చగా, నూగుగా ఉండి పక్క కాగితంలో కలిసిపోతుంది. కత్తిరించిన అంచు గీతలా లేచి కనపడుతుంది. చింపేటప్పుడు చూడండి, పేపరు ఒక వైపు గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుంది, ఇంకో వైపు అడ్డదిడ్డంగా పోతుంది. బట్టకు పడుగు, పేక ఉన్నట్టే కాగితానికీ నిలువు, అడ్డం ఉంటాయి. ఈ సంగతి మా పిల్లలే కనిపెట్టి నాకు చూపించారు. తిన్నగా చిరిగే వైపు అంగుళం వెడల్పు పట్టీలు చింపి కుప్ప పోసుకోండి.

బెలూన్‌ను పిల్ల తలంత ఊది ఒక గిన్నెలో కూర్చోబెట్టండి. మొదటి వరస వట్టి నీళ్ళలో తడిపిన పట్టీలు, జిగురు లేకుండా. అప్పుడు బెలూన్‌కు అతుక్కోదు. తర్వాత జిగురులో ముంచి, రెండు వేళ్ళ మధ్య నుంచి లాగి ఎక్కువ జిగురు తీసేసి, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా పరచాలి. ఒక వరస న్యూస్‌పేపరు, ఒక వరస పాత నోటుబుక్కుల తెల్ల కాగితం. ఇలా మార్చి మార్చి వేస్తే ఎక్కడ అతికించారో, ఎక్కడ వదిలేశారో పిల్లలకు వాళ్ళకే కనపడుతుంది. అయిదు వరసలు వేయండి. ఆఖరిది తెల్ల కాగితమైతే రంగు తక్కువ పడుతుంది. రోజుకు రెండు వరసల కంటే ఎక్కువ వద్దు. ఒకేసారి అన్నీ వేస్తే పైన ఎండి లోపల తడి మిగిలి ముక్కిపోయిన వాసన వస్తుంది.

ఎండబెట్టడం దగ్గర మన వాతావరణం గురించి చెప్పాలి. ఎండాకాలం సెలవుల్లో ఒంగోలు ఎండకు గబగబా ఎండిపోతుందని మేడ మీద పెట్టాను. బెలూన్ లోపలి గాలి వేడికి వ్యాకోచించి టప్పున పేలింది. ఇంకా పచ్చిగా ఉన్న మొహం నెర్రెలు బారి ముడుచుకుపోయింది. రెండు రోజుల కష్టం. పిల్లలు ఏడ్చారు, నాకూ బాధేసింది. దసరా నాటికేమో వానల కాలం, గాల్లో తడి, ఎంతకీ ఎండదు. ఏ కాలమైనా ఇంట్లో ఫ్యాను కిందే పెట్టండి. మూతిముడికి దారం కట్టి, తాడుకు వేలాడదీస్తే అన్ని వైపులా గాలి తగులుతుంది. వేసవిలో ఆ రోజు వేసిన వరసలకు ఒక రోజు చాలు, అక్టోబరులో వరసకు రెండు రోజులు కూడా పట్టొచ్చు. గోటితో కొడితే డొల్ల చప్పుడు రావాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

ఎండాక బెలూన్ పొడిచేసి, ముక్కలన్నీ లెక్కగా ఏరి చెత్తబుట్టలో వేయండి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది. బెలూన్ ఊదడం కూడా పెద్దవాళ్ళే చేయాలి. డొల్లను నిలువుగా రెండుగా కోసి, ఇందాకటి న్యూస్‌పేపరు ప్యాటర్న్ దాని మీద పరిచి కళ్ళు గుర్తు పెట్టుకోండి. ఇక్కడ కూడా నోటి దగ్గర కోసేయండి. అంచు చుట్టూ కాగితం పట్టీ మడిచి అంటిస్తే పైపింగు వేసినట్టు నున్నగా ఉంటుంది. బుగ్గలు, కనుబొమలు ఎత్తుగా కావాలంటే నానబెట్టి పిండిన కాగితం గుజ్జులో ఫెవికాల్ కలిపి ముద్దలుగా పెట్టి, మళ్ళీ ఎండనివ్వండి. కొండపల్లి బొమ్మలకు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు పెడతారు, ఇది మన ఇంట్లో జరిగే మక్కు పని.

నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఇవేవీ వద్దు. టిఫిను తినే కాగితం ప్లేటుకు పెద్ద కళ్ళు కోసి, ఐస్‌క్రీమ్ పుల్లలు రెండు అతికించి ఇవ్వండి, చేత్తో పట్టుకుని ఆడతారు. భయమేస్తే వాళ్ళే దించేస్తారు. ఎలాస్టిక్ కట్టకండి, మెడకు చుట్టుకుంటుంది.

రంగులు పోస్టర్ కలర్లే వాడండి. తలుపులకు వేసే పెయింటు, స్ప్రే డబ్బాలు, మెరుపుల పొడి వద్దు. ఆ పొడి రాలి కంట్లో పడుతుంది. రంగు పూర్తిగా ఆరాకే పెట్టాలి, లేకపోతే చెమటకు బుగ్గలన్నీ నల్లబడతాయి.

పెట్టుకున్నాక మేడ మెట్ల మీద, రోడ్డు మీద పరుగెత్తకూడదని గట్టిగా చెప్పండి. దసరా అయిన మూడు వారాలకే దీపావళి వస్తుంది. మా పిల్లలు అదే మొహాలతో కాకరపువ్వొత్తులు కాలుస్తామన్నారు. వద్దన్నాను. కాగితం, ఫెవికాల్, గుడ్డ ముక్కలు, అన్నీ అంటుకునేవే, అవి పిల్లల కళ్ళకు ఆనుకుని ఉన్నాయి. దీపాల రోజున మొహాలు బీరువా మీదే ఉండాలి.

దాచేటప్పుడు లోపల న్యూస్‌పేపరు ఉండలు కూరితే వంపు చెడదు. మైదా జిగురుకు పురుగులు వస్తాయి కాబట్టి ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి అట్టపెట్టెలో వేయండి. వానల్లో నెలకోసారి బయటకు తీసి గాలికి పెట్టండి. ప్రతి మొహం లోపలి వైపు, నుదుటి పట్టీ కింద, నేను పెన్నుతో పిల్ల పేరు, సంవత్సరం, ఆ మూడు కొలతలు రాస్తాను, జాకెట్టు చీటీ మీద రాసినట్టే. పోయిన దసరాకు మనవడి పాత గిత్తను తీసి చూస్తే చెవి నుంచి చెవి కొలత ముప్పావు అంగుళం పెరిగింది. కళ్ళ కొలత మాత్రం దాదాపు అంతే ఉంది. నుదుటి డాటు విప్పి, కాస్త వదులు చేసి మళ్ళీ అంటిస్తే అదే గిత్త సరిపోయింది. కొమ్ములు కొత్తవి వాడే చుట్టుకున్నాడు.